పిత్తం వేసి ఊపిన గ్లాసు

మా సైన్సు అయివారు పోయారు. వలలు కోశారన్న గొడవలో రెండు పాళేల వాళ్లు ఒడ్డున తెడ్లతో కొట్టుకుంటుంటే, ఆపడానికి మధ్యలోకి వెళ్లారు. ఎవరి తెడ్డో తలకు తగిలింది. నెల్లూరు చేరేలోపే ప్రాణం పోయింది. ఇది రాస్తుంటే ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్లు మండుతోంది. ఆ తెడ్లు పట్టినవాళ్లలో సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్లే.

ఆయనేమీ మెత్తటి మనిషి కాదు. సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు. చెవి మెలేస్తే సాయంత్రం దాకా మండేది. నాకు జ్వరమొచ్చి బడి మానేస్తే మా వాకిట్లో నిలబడి తిట్టిందీ ఆయనే, మాత్రలు తెచ్చిందీ ఆయనే.

మా అమ్మ కొన్నవాళ్లకు చేపలు కోసి ఇచ్చేది. కడుపులోని పిత్తపు తిత్తి పగిలితే చేపంతా చేదెక్కుతుంది. అందుకని దాన్ని జాగ్రత్తగా లాగి పారేసేది. ఒకనాడు అయివారు "పారేయబాకమ్మా, నాకియ్యి" అని ఆకులో కట్టించుకుపోయారు. మేం నవ్వుకున్నాం.

మర్నాడు క్లాసులో గ్లాసుడు నీళ్లలో నూనె పోసి ఊపారు. కాసేపటికి నూనె మళ్లీ పైకొచ్చి పరుచుకుంది. అప్పుడు తిత్తి చిదిమి గ్లాసు నా చేతికిచ్చారు.

"ఊపు మే, పిల్లా! కొట్టినట్టు ఊపాల. నూనె ముక్కచెక్కలు కావాల."

ఊపాను. నీళ్లు తెల్లబడ్డాయి.

"పిత్తంలో ఉండే లవణాలకి రెండు పక్కలుంటాయి. ఒక పక్కకి కొవ్వంటే ఇష్టం, ఇంకో పక్కకి నీళ్లంటే ఇష్టం. ఎవురూ పేర్చే పన్లేదు, వాటంతటవే నూనెబొట్టు చుట్టూ మూగి నిలబడతాయి. ఇంక బొట్లు ఒకదాంట్లో ఒకటి కలవలేవు. మీ కడుపులో రోజూ జరిగేది ఇదే."

ఆయన్ని పూడ్చి వచ్చిన రోజు మా తమ్ముడు అమ్మ చేపల కత్తి తీశాడు.

"అవతలి పాళెపోళ్లలో ఒకడ్నన్నా నరక్కపోతే నేను మనిషినే కాదక్కా."

వాకిట్లో అడ్డం పడి కత్తి పట్టుకున్నాను. అరచెయ్యి తెగింది. వాడు తోస్తే తల గోడకు కొట్టుకుంది. అయినా వదల్లేదు.

"ఆయన మద్దెలోకి పోయింది ఇంకో శవం లేవాలనా? నరుకు, ముందు నన్ను నరుకు!"

నా నెత్తురు వాడి మణికట్టు మీదుగా కారింది. అది చూశాక పిడి వదిలేసి, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నా చేతి కట్టు విప్పకముందే అమ్మ అదే కత్తితో ఒక పెద్ద చేప కోసింది. తిత్తి పారేయబోతుంటే తమ్ముడు చెయ్యి చాపాడు. వాడూ అయివారి దగ్గర ఆ పాఠం విన్నవాడే. గ్లాసులో నీళ్లూ నూనే పోసి, తిత్తి చిదిమి, అరచేత్తో మూసి ఊపాడు. పళ్లు బిగబట్టి, మెడ నరాలు ఉబ్బేదాకా, ఎవరినో చావగొడుతున్నట్టు ఊపాడు. వాడి కోపం పోలేదు. నాదీ పోలేదు. గ్లాసు కిటికీలో పెట్టి వాడు దాని ముందే కూర్చున్నాడు. పొద్దుగూకింది. నీళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.