ఖాళీ వదిలిన చోట ముప్పై మైళ్లు

ఆ రోజు హన్నాకు కాలు ఒక్కచోట నిలవలేదు. పాత కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు అది, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో. ఆరేళ్లుగా ఆమె పని అదే. మూడు నెలలుగా ఆమె ముందున్నవి నూరేళ్ల నాటి ఉత్తరాలు. హాంకాంగ్‌ను ఏలిన తెల్లదొరలకూ చైనాకూ మధ్య, సరిహద్దు దాటి నడవాల్సిన రైలు గురించి సాగిన బేరం. ఎవరి ఇంజిను ఎంత దూరం రావాలి, డ్రైవరు ఎక్కడ మారాలి... ఒకరినొకరు చచ్చినా నమ్మరు. చదివేకొద్దీ హన్నాకు సీరియల్ చూస్తున్నంత ఆత్రం. టైపు కొట్టమన్నది కొట్టి ఊరుకునే మనిషి కాదామె.

అక్కడ ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా కొట్టాలి. రెండూ ఒకేలా ఉంటే ఇక ఎవరూ చూడరు. అందుకే ఆ ఇద్దరూ పేజీ గురించి మాట్లాడుకోకూడదు. మాట్లాడుకుంటే ఇద్దరినీ ఇంటికి పంపిస్తారు.

కిందటి వారం ఒక ముసాయిదాలో, తెల్లవాళ్ల ఇంజిను చైనా నేల మీద ఎన్ని మైళ్లు పోవచ్చో రాసే చోట పెద్ద సిరా మరక. కనబడకపోతే కనబడలేదని గుర్తు పెట్టాలి. హన్నా ఆగితేగా! అంతకుముందు ఉత్తరంలో ముప్పై అని చదివింది, ముప్పై కొట్టేసింది. అంతటితో ఊరుకోక, టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు అదే పేజీ కొట్టాల్సిన చాందినికి కూడా చెప్పింది.

"ముప్పయ్యే చెల్లీ, నాకెరుకే."

చాందిని తలూపింది. అక్క మాటంటే ఆ పిల్లకు అంత గురి.

ఆ రోజు పదకొండింటికి తర్వాతి ఉత్తరం వచ్చింది. చైనా అధికారి రాశాడు: మైళ్లు తేలలేదు కనుకే ఆ చోటు ఖాళీగా వదిలాం, తేలేదాకా సంతకం పెట్టం. మరక కింద అసలు ఏమీ లేదన్నమాట. రెండు ప్రభుత్వాలు ఏడాది కొట్లాడినా తెగని సంగతిని హన్నా పప్పన్నం తింటూ తెగ్గొట్టేసింది.

నాలుగింటికి ఫైలు విదేశీ లైబ్రరీకి వెళ్లిపోతుంది. శుక్రవారం ఇద్దరి ఉద్యోగాలూ పర్మనెంటు కావాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. హన్నా నీళ్లకని లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"ఏమైందక్కా?" అంది చాందిని.

"ఏం లేదు, నీ పని జేస్కో."

మూడున్నరకు సూపర్‌వైజర్ భూషణం ముందు నిలబడింది.

"సార్, ఆ పేజీల ముప్పై గాదు. అక్కడ ఖాళీ. నేనే అందాజగ కొట్టిన."

భూషణం స్క్రీన్ చూశాడు. "చాందిని గూడ ముప్పయ్యే కొట్టింది గద. ఇద్దరికి ఒక్కటే అందాజ ఎట్లొచ్చింది?"

ఈ ప్రశ్న వస్తుందని హన్నాకు తెలుసు. "నేనే చెప్పిన సార్. ఆ పిల్లది తప్పేం లేదు. నన్నొక్కదాన్నే తీసెయ్యున్రి."

"రూల్ ఇద్దరికమ్మా," అన్నాడు భూషణం, ఆమె మొహంలోకి చూడలేక. పేజీ దిద్దాడు. ఇద్దరి గుర్తింపు కార్డులూ తీసుకున్నాడు.

గేటు బయట చాందిని ఏడవలేదు. ఉప్పల్ పోయే షేర్ ఆటో ఆపి ఎక్కింది. హన్నా ఎక్కబోతే పక్క సీట్లో బ్యాగు పెట్టింది.

"నిజం చెప్పొద్దంటలేనక్కా. నా నౌకరి పోయే ముచ్చట గది. నన్నొక్క మాటడగకపోతివి."

ఆటో కదిలిపోయింది. పొద్దుటి నుంచి అన్ని విధాలా ఆలోచించి చచ్చింది హన్నా. ఆ పిల్లను అడగాలని మాత్రం ఒక్కసారి కూడా తోచలేదు.