బోణీ అయిందా, పాపా?

నిన్న పొద్దున ఫోన్ మోగింది.

స్క్రీన్ మీద "రంగయ్య చిన్నాయన" అని చూసి, హలో కూడా అనకుండా నవ్వుతూ "ఇంకా కాలేదు చిన్నాయనా" అన్నాను.

అవతల ఏడుపు.

వాళ్లమ్మాయి. "నాన్న లేడక్కా. తెల్లారేసరికి నిద్రలోనే పోయినాడు."

ఛాతీలో ఒక కొట్టు తప్పింది. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత ఒకటే దడ.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "గుండేనా?"

ఆ అమ్మాయి ఏం చెప్పిందో చెప్పేముందు ఆయనెవరో చెప్పాలి.

రాయచోటిలో కిరాణా అంగడి ఆయనది. నేను ఓర్వకల్లు దగ్గర స్కూల్ టీచర్‌ని. మా ఇద్దరికీ కులం వేరు, దేవుడు వేరు. కూతురు కర్నూల్లో ఉందని ఆయన అక్కడి ఆసుపత్రికి వచ్చాడు. గుండె లయ సరిచేసే ప్రొసీజర్, అదే అబ్లేషన్, మా ఇద్దరికీ ఒకే రోజు చేశారు.

అదే మా చుట్టరికం.

తొడ దగ్గర నుంచి వైరు పంపించి, గుండెలో లయ చెడగొట్టే చోటును కాల్చేశారు. ఆ తర్వాత కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. భయంతో బిగుసుకుపోయి ఉన్నాను. కర్టెన్ అవతల నుంచి ఒక గొంతు.

"ఏం పాపా, నీకూ వాత పెట్టినారా?"

నవ్వితే తొడ దగ్గర ఒకటే నొప్పి. "నవ్వించొద్దు చిన్నాయనా" అన్నాను. ఆ పిలుపే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. పీడ విరగడైంది అనుకుంటే, గుండె అప్పుడప్పుడు తప్పుతూనే ఉంది. మెట్లెక్కితే దడ. ఊరికే అలసట.

"లోపల మానేదాకా కొన్ని నెలలు ఇట్లే ఉంటుంది. కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే రండి" అని డాక్టర్ చెప్పే పంపారు. నా బుర్రకెక్కితేగా! తమ్ముడు కొనిచ్చిన స్మార్ట్ వాచ్ చూసుకోవడమే పని. బోర్డు మీద లెక్క రాస్తూ కూడా మణికట్టు వంకే చూసేదాన్ని. ఈ రోజు పోతానేమో, రేపు పోతానేమో అని భయం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆయనకు చెప్పాను.

"అంగడి ఇంకో వీధికి మార్చినామనుకో పాపా. పాత గిరాకీ కొన్నాళ్లు ఆ పాత తలుపే తడతా ఉంటాది. తట్టి తట్టి వాళ్లే పోతారు. నువ్వు దానికి ఉలిక్కిపడాకు."

వాచ్ సంగతీ ఆయనే తేల్చాడు. "తీసి బియ్యం డబ్బాలో ఎయ్. కాటాను ఊరికే ముట్టుకుంటా ఉంటే ముల్లు యాడ నిలబడతాది?"

వేశాను. బియ్యం తీసినప్పుడల్లా ఇప్పటికీ చేతికి తగులుతుంది.

అప్పటి నుంచి ప్రతి పొద్దునా, అంగడి తెరిచి దీపం పెట్టగానే ఫోన్.

"బోణీ అయిందా, పాపా?"

ఆ రోజు మొదటి కొట్టు తప్పిందా అని! అయిందంటే, "మంచిది, ఇంక పనిలోకి పో" అనేవాడు. కాలేదంటే, "నాకైపోయ, నీకంటే ముందు" అని గొప్ప.

ఒకసారి చెకప్‌కి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆయనది మొదటి టోకెన్, నాది తర్వాతది. ముందు రోజే నాతో అన్నాడు, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయని.

లోపలికి పోయాడు. తలుపు సగం తెరిచే ఉంది. "ఎట్లుంది పెద్దాయనా?" అని డాక్టర్ అడిగారు.

"అంతా బాగుండాది సార్!"

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఏం చిన్నాయనా, అట్ల చెప్తివి?"

గొంతు తగ్గించాడు. "పొద్దున్నే మొదటి మనిషిని నేను. ఆయనకు బోణీ నాది. బోణీ మనిషి నోట్లో నుంచి చెడ్డమాట వస్తే ఆయనకు ఆ పొద్దంతా అట్లే పోదా? పాపం, ఎనక ఇంత మంది జబ్బు మనుషులు కూర్చోనుండారు!"

కొట్టాలో నవ్వాలో తెలియలేదు. నా వంతు రాగానే నా సంగతి పక్కన పెట్టి ఆయన సంగతంతా చెప్పేశాను. డాక్టర్ పడీపడీ నవ్వి, వెనక్కి పిలిపించి, ఈసీజీ తీయించారు. మాత్ర ఎక్కువై గుండె మరీ నెమ్మదించింది. డోస్ తగ్గించారు. వారం తిరిగేసరికి చీకట్లు పోయాయి.

ఆ తర్వాత ఏ చెకప్‌కైనా మొదటి టోకెన్ నాకే. "నువ్వు చర్చి మనిషివి. నీకు ఈ పట్టింపులు లేవు, నువ్వే చెయ్ బోణీ."

ఇక నిన్న ఆ అమ్మాయి చెప్పిన మాట.

"గుండె కాదక్కా. నిమ్ము చేసింది. పోయిన వారమంతా ఆసుపత్రిలోనే ఉండె. ఆడ నుంచే నీకు ఫోన్ చేస్తా ఉండె, మమ్మల్ని మాత్రం నీకు చెప్పొద్దన్నాడు. గుండె మాత్రం కడదాకా తిన్నగా కొట్టిందని నర్సమ్మ చెప్పింది."

ఏడుస్తూనే ఊపిరి పీల్చుకున్నాను. ఆయన గుండె ఆయన్ని మోసం చేయలేదు. ఎంత ఊరటో చెప్పలేను. ఆయన కోసమూ, నా కోసమూ.

ఆయన నేర్పినట్టే కూర్చున్నాను. నీళ్లు తాగాను. నాడి పట్టుకుని చూడలేదు. కాసేపటికి దడ దానంతట అదే తగ్గింది.

రాయచోటికి పోయి చివరి చూపు చూసుకున్నాను. ఇన్నాళ్లూ ఫోన్లో విన్న అంగడిని మొదటిసారి చూశాను. షట్టర్ వేసి ఉంది.

ఇది తిరుగు బస్సులో రాస్తున్నాను. ఆయన ఫోన్ చేసే వేళ దాటింది. మోగలేదు.

ఇందాక కడప దాటాక ఒక కొట్టు తప్పింది. ఉలిక్కిపడలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మీ దేవుడి దగ్గరున్నా, మా దేవుడి దగ్గరున్నా హాయిగా ఉండు. ఆ దేవుడు ఎట్లుందని అడిగితే మాత్రం దాచకుండా చెప్పు.

బోణీ అయింది చిన్నాయనా.

అంతా బాగుండాది. నా మాట నమ్ము, ఇది నిజం.