మూత మీది చేప

ట్రాయ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట, మీరేం చేస్తారని అడగాల్సిన పని పెద్దగా ఉండదు. కార్ల కంపెనీ కాకపోతే కంప్యూటరు. అమర్‌నాథ్ ఒక్కడే ఈ రెండింటిలోనూ లేడు. ట్రాయ్‌ని ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్ళో, సిటీ ఆఫీసులో వాననీళ్ళ పని చూస్తాడు. రోడ్డు మీద పడ్డ వాన ఏ జాలీలోంచి ఏ పైపులోకి దిగుతుందో, ఆ పైపు ఎక్కడ తేలుతుందో అంతా అతని లెక్కే. వాన లేని రోజుల్లో మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని, పైపు నోటి దగ్గర వంగి సీసాలో నీళ్ళు పట్టుకుంటూ కనిపిస్తాడు.

అతనికి ‘మోరీల మంత్రి’ అని పేరు పెట్టింది కొండల్ రావు. పెట్టినవాడు ప్రాణస్నేహితుడు కాబట్టి అమర్‌నాథ్ కూడా నవ్వేవాడు. కిందటేడు కొండల్ రావు గుండెపోటుతో పోయాక ఆ పేరుతో పిలిచే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. అమర్‌నాథ్‌కి హాయిగా అనిపించాలి. అనిపించలేదు.

ఈ ఊరు తన వాననీళ్ళని నదిలోకి వదులుకోవాలంటే రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఉండాలి. దాన్ని కొన్నేళ్ళకోసారి రెన్యూ చేయించుకోవాలి. వాన దేవుడిచ్చేది కదా, దానికి పర్మిటేమిటని కొత్తలో అతని భార్య త్రివేణి నవ్వింది. వానకి కాదు, వానతో పాటు కొట్టుకుపోయే కారు నూనెకీ సబ్బు నీళ్ళకీ పెయింట్‌కీ అని చెప్పాడు. అవి రాకుండా చూస్తున్నామని, వచ్చినా ఎక్కణ్ణుంచి వచ్చాయో కనిపెట్టి ఆపుతున్నామని చూపిస్తేనే పర్మిట్ మళ్ళీ ఇస్తారు. ఊరి జనానికి ఆ సంగతి చెప్పామని కూడా చూపించాలి.

అందుకే అమర్‌నాథ్ ఊళ్ళో జాలీల మూతలన్నిటి మీదా చేప బొమ్మ ఉన్న రేకు బిళ్ళలు అంటించాడు. ‘ఇది నదిలోకి పోతుంది’ అని వాటి మీద రాసి ఉంటుంది. ఒక బతుకమ్మ పండక్కి తెలుగువాళ్ళంతా స్కూలు హాల్లో చేరితే మైకు కూడా పట్టుకున్నాడు. మీ ఇంటి ముందు జాలీలో ఏది పోసినా నేరుగా నదిలోకే పోతుంది, మధ్యలో ఆపేవాళ్ళు లేరు అని గట్టిగా చెప్పాడు. అప్పటికి భోజనాల మూతలు తీశారు. మంత్రిగారి ప్రసంగం అయిందా, బిర్యానీ చల్లారుతోందని కొండల్ రావు వెనకనుంచి అరిచాడు. తన మాట ఎవరి చెవికీ ఎక్కలేదని అమర్‌నాథ్ అనుకున్నాడు.

ఈ వేసవిలో రెన్యూవల్ కాగితాలు పంపాల్సిన గడువు దగ్గర పడింది. వాన పడి చాలా రోజులైంది. అలాంటప్పుడు పైపు నోరు ఎండిపోయి ఉండాలి. తడి ఉందంటే పైన ఎవరో ఏదో పోస్తున్నట్టు. అతనితో పనిచేసే డెబ్బీ ఒక పైపు కింద తెల్లటి నీళ్ళు చూసింది. ఎవరో గోడలకి రంగులేసి బ్రష్షులు కడిగి ఉంటారని ఆమె అనుమానం. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో దొరకలేదని రాసి పంపడానికి లేదు. కిందటిసారి అలా రాస్తే రాష్ట్రంవాళ్ళు సణిగారు. దొరికి, ఆగిందని రాయాలి, ఆ మాట నిజమై ఉండాలి.

అమర్‌నాథ్ కింది నుంచి పైకి ఒక్కొక్క మూతా ఎత్తి చూసుకుంటూ పోయాడు. ఒక ఇంటి ముందు జాలీ అంచున మెతుకులు అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య నల్ల నువ్వులు. అతను తలెత్తి చూడనక్కర్లేదు. అది కొండల్ రావు ఇల్లు.

మూత వేసి ట్రక్కులో కూర్చున్నాడు. సిటీ రూల్ అని ఒక్క మాట చెప్తే కొండల్ రావు భార్య గౌరి మారు మాట్లాడకుండా మానేస్తుంది. అంతటితో కాగితాల పని అయిపోతుంది. కానీ ఆ నువ్వులు ఎవరి కోసమో అతనికి తెలుసు. అంతకంటే కష్టమైన సంగతి ఇంకోటి కూడా తెలుసు. పైపు నేరుగా నదిలోకి పోదు. ఇళ్ళ వెనక వాననీళ్ళు నిలవడానికి తవ్విన చెరువు ఉంది. ముందు అందులోకి పోతుంది. జనానికి సులువుగా ఎక్కాలని మైకులో చెరువు మాట దాటేశాడు.

గౌరి తలుపు తీసింది. బూట్లు ఉండనిమ్మంది, టీ పెట్టింది. అమర్‌నాథ్ ఎండల గురించి మాట్లాడాడు, త్రివేణి గురించి మాట్లాడాడు. ఆమె కప్పు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

“మోరీల మంత్రి ఊకెనే రాడు. ఏమైందో చెప్పు అమర్.”

ఏడాదిలో మొదటిసారి ఆ పేరు విన్నాడు. కప్పు కింద పెట్టాడు.

“జాలీల నువ్వులు కనిపించినయి వదినా.”

ఆమె తడబడలేదు. “నేనే పోసిన. నెలనెలా తిథి నాడు అన్నం ముద్ద, పాలు, నువ్వుల నీళ్ళు. ఎన్కనే పైపు పెట్టి నీళ్ళిడుస్త, ఏడ ఆగకుండ పోవాలెనని. నువ్వే గదా చెప్పినవు, నేరుగ నదిలకే పోతదని.”

ఆ రోజు హాల్లో విన్నది ఆమె ఒక్కతే అన్నమాట.

పిల్లలు లేని దంపతులు. మాసికాలు కరీంనగర్‌లో మరిది కొడుకు రవికుమార్ పెడుతున్నాడు. బాగానే పెడుతున్నాడని గౌరి చెప్పింది. కానీ అస్థికలు కలిపింది ఇక్కడి నదిలో. ఆమె గట్టు దిగలేకపోతే కుండ పట్టుకుని దిగింది అమర్‌నాథే.

“ఆయన ఉన్నది ఈడ గదా. నాకు కారు నడపరాదు. నెలనెలా ఎవర్ని అడగాలె? ఇంటి ముందే తొవ్వ ఉన్నదంటివి. మంచు పడ్డప్పుడు పారతోని కొట్టి, గడ్డ తీసి పోసిన.”

ఆమె తప్పుపట్టడం లేదు, జరిగింది చెబుతోంది. నెలకోసారి తీసుకెళ్తానని తనకెందుకు తోచలేదా అని అమర్‌నాథ్ అనుకున్నాడు. ఇక చెప్పకుండా లేవడానికి లేదు.

“నేరుగ అన్న మాట పూరా నిజం కాదు వదినా. మధ్యల మీ ఎన్క చెరువున్నది. మెతుకులు ఆడనే బురదల కూసుంటయి. నది దాకా పోవు. పాలు మురిగి నీళ్ళు పాడైతయి.”

గౌరి వెనక కిటికీ వైపు చూసింది. చెరువు చుట్టూ గడ్డి పెరిగి ఉంది, బాతులు ఒడ్డెక్కి ఉన్నాయి. లేచి, తుడిచిన వంటింటి గట్టునే మళ్ళీ తుడిచింది.

“అంటే అన్నం ముట్టలే.”

“ముట్టలే.”

“నీళ్ళు?”

ఓదార్పు కోసం చెప్పే మాట కాకూడదని అతను ఆగాడు. చెరువు నిండినప్పుడు అవతలి తూము నుంచి పొర్లడం, అది వాగులో పడడం, ఆ వాగు నదిలో కలవడం ఒకసారి మనసులో చూసుకున్నాడు.

“నీళ్ళు పోతయి. ఆల్శమైతది గానీ పోతయి.”

“అయితే మంచిదే,” అంది గౌరి. “ఆయనకు తిండి యావ ఏనాడు లేదు. నీళ్ళే తాగుతుండె, బండిల పోతుంటే కూడ సీసా ఒళ్ళెనే. ఒట్టి నీళ్ళు పోస్తే మీ సర్కారు ఏమంటది?”

“ఏమనదు.”

తిథి ఎప్పుడో చెబితే నెలనెలా నది దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సంవత్సరీకం నాడు తీసుకుపొమ్మంది, మిగతా నెలలకి తన చెంబెడు నీళ్ళు చాలంది. ఆ తిథి ఇంకెంతో దూరం లేదు. త్రివేణిని కూడా రమ్మని చెప్పమంది, పులిహోర కలుపుతానంది.

కాగితాల్లో అమర్‌నాథ్ ఉన్నదే రాశాడు. ఒక ఇంటి నుంచి అన్నం, పాలు, వెళ్ళి మాట్లాడాం, ఆగింది. నిజంగా ఆగిందా అని డెబ్బీ అడిగింది. ఆగిందన్నాడు. మైకులో చెప్పే మాటల్లో చెరువుని కూడా చేర్చాడు, అందువల్ల ప్రసంగం ఇంకొంచెం పొడవైంది. ఆకులు రాలే వేళకి పర్మిట్ రెన్యూ అయి వచ్చింది.

ఆ తర్వాత వాన లేని ఒక రోజు ఇద్దరూ అదే పైపు దగ్గరికి వెళ్ళారు. నోటి కింద సన్నగా తడి చార ఉంది. డెబ్బీ మొహం ముడుచుకుంది. అమర్‌నాథ్ వంగి సీసా పట్టాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, వాసన లేదు. ఎవరో నీళ్ళు పోసినట్టున్నారు, మొక్కలకేమో అంది డెబ్బీ.

మొక్కలకి కాదు, ఆయనకి దాహం ఎక్కువ అని చెప్పబోయి, అమర్‌నాథ్ సీసా మూత బిగించాడు. ఉత్త నీళ్ళు, ఫరవాలేదు అని రాసుకుని గట్టెక్కాడు.