చేతులు చూశాకే ఇంజను

మొన్న మా మనవరాలు ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని ఏదో క్లాసు వింటోంది. ఆఫీసులో దాని కింద కొందరిని వేశారట, వాళ్లను ఎలా నడిపించాలో నేర్పుతున్నారట. "మనుషులు ముందు, పని తర్వాత" అని అందులో పాఠం చెప్పే ఆయన ఒకటే చెప్పడం. నాకు చెవి మిషను పెట్టించారు లెండి, వద్దన్నా వినబడుతుంది. క్లాసయ్యాక అది నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, మిల్లులో నీకు మంచి బాసు ఉండేవాడా?" అంది. బాసేంటే నా మొహం, మాకు మేస్త్రీ ఉండేవాడు అన్నాను. మిగతాది చెప్పబోతుంటే దానికి ఫోనొచ్చింది.

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు. యాభైల చివర్లో, నాకు పెళ్లయిన కొత్తలో, నేనూ మా వదినా అక్కడ పనికి పోయేవాళ్లం. వదినంటే మా ఆయన అక్క. భర్త పోతే ఇద్దరు పిల్లలతో పుట్టింటికొచ్చేసింది. రేకుల షెడ్డులో వరసగా మిషన్లు, ఒక్కోదాని ముందు ఒక్కో ఆడమనిషి. మేం పత్తి అందిస్తుంటే రోలర్లు దూదిని ఒక పక్కకీ గింజను ఒక పక్కకీ తోసేవి. సాయంత్రానికి జుట్టూ కనుబొమ్మలూ తెల్లబడి ఇల్లు చేరితే మా అత్తగారు "వచ్చారమ్మా ముసలమ్మలు" అనేది. మిషన్లన్నింటికీ కలిపి ఒకటే ఇంజను. గింజ ఇరుక్కుంటే అది ఆపించి, చేతులు లోపల పెట్టి తీసేవాళ్లం.

మేస్త్రీని అందరం బాబాయి అనేవాళ్లం. తాతల నాటి నుంచీ దూది ఏకిన ముస్లిముల ఇంటివాడు. నోరు మాత్రం మహా చెడ్డది. కాస్త ఆలస్యమైతే చాలు, "ఏమ్మా, పేరంటానికొచ్చావా ఇంత తీరిగ్గా?" అని షెడ్డు అదిరిపోయేలా అరిచేవాడు. కానీ ఆగిన ఇంజను మళ్లీ వేయించే ముందు మా వరస పొడవునా నడిచేవాడు. తను ఎదుట నిలబడగానే మేం రెండు చేతులూ పైకెత్తి చూపాలి. అందరివీ చూశాకే భుజం మీది తువ్వాలు తీసి ఊపేవాడు, అప్పుడు డ్రైవరు ఇంజను వేసేవాడు. మా వదిన దగ్గర మాత్రం, ఆవిడ తలెత్తి తన మొహం చూసేదాకా కదిలేవాడు కాదు. ఆవిడకు చెవులు పోయాయి. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి ఉండి పోయాయి. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకీ బాబాయికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే మిల్లు షావుకారు పనిలోంచి తీసేస్తాడు. మా ఆయన సంపాదన మాకూ అత్తగారికే అంతంతమాత్రం, ఇక ఆ పిల్లలకి అన్నం ఎవరు పెడతారు?

ఇంతలో షావుకారుగారి అల్లుడు మద్రాసులో చదువు ముగించుకుని వచ్చాడు. ఒక్కొక్కళ్ల చేతులూ చూస్తూ కూర్చుంటే పనెప్పుడవుతుందని గంట పెట్టించాడు. గంట మోగితే చేతులు తీసెయ్యాలి, ఆ వెంటనే ఇంజను. కబుర్లాడుకుంటున్నారని చుట్టాల్ని విడదీశాడు. నేనీ చివర, వదిన ఆ చివర. బాబాయి ఎదురు చెప్పాడు. "ఎందుకు కుదరదో చెప్పు" అన్నాడాయన. చెప్పాలంటే వదిన పేరు బయటపెట్టాలి.

ఆ సాయంత్రం బాబాయి మా ఇంటికొచ్చి వదినకు ఎదురుగా కూర్చున్నాడు. పెదాలు కనబడేలా నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, నీ సంగతి చెప్పేయమంటావా?"

"వద్దు బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా. పని పోతే నా పిల్లలేమైపోవాలి?"

"ప్రాణం మీదికొస్తుందమ్మా!"

"పస్తులుంటే మాత్రం రాదా?"

 గంట కొట్టే వేళకి తానే వచ్చి ఆవిడ ఎదుట నిలబడతానన్నాడు బాబాయి. కొన్నాళ్లు అలాగే నిలబడ్డాడు పాపం.

ఎదురు చెప్పిన మనిషి షెడ్డులో ఎందుకనుకున్నాడో ఏమో, అల్లుడుగారు ఒకరోజు పొద్దున్నే బాబాయిని బయట పత్తి లారీల దగ్గరికి మార్చాడు. ఆ మధ్యాహ్నమే గింజ ఇరుక్కుని ఇంజను ఆగింది. కాసేపటికి గంట మోగింది. వదిన ఇంకా మిషను మీదికి వంగే ఉంది. "వదినా!" అని గొంతు చించుకుని అరిచాను. చెవులు లేని మనిషిని అరిచి పిలిచాను, చూడండి నా తెలివి! ఆవిడ తలెత్తలేదు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆ మిషను కింద పడ్డ దూదిని చూశాక నేను చాలాకాలం తెల్లటి దుప్పటి మీద పడుకోలేకపోయాను. ఏ పని పోతుందని నోళ్లు మూసుకున్నామో ఆ పనీ పోయింది.

గుంటూరు ఆసుపత్రి వరండాలో బాబాయి గోడకానుకుని కూర్చున్నాడు. "నన్ను చూసి చేతులెత్తడం నేర్పానే గానీ, ఒకళ్లనొకళ్లు చూసుకోవడం మీకు నేర్పలేదమ్మా. నేను లేనిరోజు ఏంటని ఆలోచించలేదు" అన్నాడు. అంత నోరున్న మనిషి, ఆ మాట నాకు వినబడీ వినబడనట్టు అన్నాడు. మళ్లీ మిల్లు గడప తొక్కలేదు.

నాకు మాత్రం తొక్కక తప్పలేదు, వదిన పిల్లలు ఎదురుగా కనబడుతుంటే. ఇంజను ఆగినప్పుడల్లా, ఎవరూ చెప్పకుండానే, మేం పక్కమనిషి భుజం మీద చెయ్యి వేసి నిలబడేవాళ్లం. వరసంతా అలా నిలబడేదాకా గంట కొట్టే మనిషి కూడా ఆగేవాడు. అల్లుడుగారు చూసి కూడా దాన్ని మాన్పించలేదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, బాబాయి లేడు. ఎడంచేత్తోనే వండి పెట్టి పిల్లల్ని పెద్దచేసిన వదినా పోయింది. ఈ పొద్దున మనవరాలు మిక్సీ వేయబోతుంటే నా చెయ్యి దానంతటదే వెళ్లి దాని భుజం మీద పడింది. "ఏంటమ్మమ్మా?" అంది. ఏం లేదు, వేసుకో అన్నాను. కాలం నా చెవుల్ని కూడా పట్టుకుపోయింది గానీ, చేతిలో ఉన్న ఆ భయాన్ని మాత్రం ఇంకా నా దగ్గరే వదిలేసింది.