పడుగు బిగువున కట్టిన గిటారు

మొన్న సాయంత్రం పై గదిలో మనవరాలి గిటారు తీగ ఒకటి ఠప్పున తెగింది. చేతిలో పత్రిక అక్కడే పడేసి, మోకాళ్ల నొప్పి సంగతి మరిచి మెట్లెక్కిపోయి, ముందుగా ఆ పిల్ల కళ్లు చూశాను. ఆమె నవ్వి, తీగలన్నాక తెగవా తాతా అని, ఫోను చూసి సొంతంగా నేర్చుకుంటే చాలునా, సారు దగ్గరికి పోవాలా అని నన్నే అడిగింది. జవాబు చెప్పాలంటే ముందు నా చెల్లెలి ఎడమ కన్ను సంగతి చెప్పాలి.

పందొమ్మిది వందల అరవైల నడుమ మాట. నల్లగొండకు దగ్గరి పల్లెలో మాది నేతపని ఇల్లు. మగ్గం మీద పడుగు పోగులన్నీ ఒకే బిగువున ఉన్నాయో లేదో బొటనవేలితో నొక్కి చెప్పడంలో నాకు వాడకట్టంతా పేరు. సాయంత్రాలు గ్రంథాలయం అరుగు మీద వాదాలు జరిగేవి. పద్దెనిమిదేళ్ల నేను అక్కడ గురువులనే జాతినంతా దులిపేసేవాణ్ణి. బుద్ధి ఉన్న మనిషి మరొకరి కాళ్ల దగ్గర కూర్చోవడమెందుకని నా వాదన. ఆ రోజుల్లోనే సికింద్రాబాదులో ఉద్యోగం చేసే మేనమామ ఒక పాత గిటారు తెచ్చిచ్చాడు. నల్లగొండ చర్చిలో గిటారు వాయించే ముసలి బడిపంతులు ఉన్నాడు, ఆయన దగ్గరికి పొమ్మని బాపు, అంటే మా నాన్న, చెప్పాడు. పోతే అరుగు మీద నా మాట ఏం కావాలి? పోలేదు.

సొంతంగానే శ్రుతి చేశాను, నాకు తెలిసిన ఒకే ఒక పద్ధతిలో. పడుగును చూసినట్టే బొటనవేలితో నొక్కి చూసి, లావు తీగ ఎంత గట్టిగా ఎదురు నిలిచిందో సన్న తీగ కూడా అంతే నిలవాలని తీగ బిగించే మర తిప్పుతూ పోయాను. వింత చూద్దామని పదేళ్ల చెల్లెలు మొహం దగ్గరగా పెట్టింది. తీగ తెగి ఆమె కంటి మీద కొట్టింది. ఆ కేక కంటే, తర్వాత ఆమె వేళ్ల సందుల్లోంచి కారిన నెత్తురే ఇప్పటికీ నాకు గుర్తు.

దవాఖానలో కట్టు కట్టి, మూడో రోజు విప్పితే గాని చూపు ఉన్నదీ లేనిదీ తెలియదన్నారు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వరండాలో కూర్చుని, నా మొహం చూడకుండానే అన్నది: “గురువు చేతుల దచ్చిన పెట్టకుండ తీగెలు ముట్టినవ్. నీ పొగరుకు పోరి కన్ను పాయె.” ఇలాంటి మాటలను చీల్చి చెండాడిన నోరు నాది. అయినా భయం పట్టుకున్నాక తర్కం ఎంత పలచబడుతుందో అప్పుడు తెలిసింది. రెండో రోజు పొద్దున్నే, ఎవరూ చూడకుండా, అవ్వ ఇచ్చిన కొబ్బరికాయతో ఆ పంతులు ఇంటికి పోయి కాళ్ల మీద పడ్డాను.

ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. “లే బిడ్డా. మొక్కితే తీగె సక్కగయితదా?” అని, నేను ఎలా బిగించానో చెప్పించుకుని, కాసేపు నా బొటనవేలిని పట్టి చూశాడు. “వేలు మంచిదే. గని గిది చెవితోని జేసే పని. నాడే వస్తే గీ ముక్క చెప్పకపోదునా?”

శాపం లేదు, పాపం లేదు. ఒక్క ముక్క అడిగి తెలుసుకోనందుకే ఇదంతా. అది తెలిశాక భయం తగ్గకపోగా రెట్టింపయింది. శాపమైతే ఎవరి మీదికో నెట్టేయవచ్చు, ఇది పూర్తిగా నాదే.

మూడో రోజు కట్టు విప్పారు. చెల్లెలు రెప్పలాడించి, ఆ కంటితోనే నన్ను చూసి, “అన్నా, గట్ల ఏడ్సిన మొకం బెట్టినవేంది?” అన్నది.

కనుబొమ్మను చీల్చిన ఆ గాటు ఇప్పటికీ ఉంది. కల్వకుర్తిలో ఆమె ఇంటికి పోయినప్పుడల్లా ముందు నా చూపు అక్కడికే పోతుంది. మనవరాలి ఫోను ఏ తీగ ఎంత బిగించాలో చెబుతుంది, నాకు తెలుసు. ఇంట్లో మగ్గం లేదు, పడుగు బిగువు నా వేలు కూడా మరిచింది. అయినా ఆమె కొత్త తీగ వేసుకుంటుంటే పక్కనే నిలబడ్డాను. సారు దగ్గరికే పోవమ్మా అన్నాను. మర తిప్పే ముందు నా అరచేతిని ఆమె కళ్లకు అడ్డం పెట్టాను. తీసేయమని ఆమె ఎంత విసుక్కున్నా తీయలేదు.