ఆల్థాన్ బజారులో సెలవు సాయంత్రం

పరాయి రాష్ట్రంలో, బట్టల మిల్లుల పక్కనున్న మా ఆల్థాన్ బజారులో గొలుసు దొంగతనాలు పెరిగాయి. చీకటి పడగానే దుకాణాలన్నీ మూసేద్దామని బజారువాళ్ల మీటింగులో మన తెలుగు కిరాణా సేఠ్ పట్టుబట్టాడు. సాయంత్రం బజ్జీలు అమ్మి బతికే అక్క ముఖం పాలిపోయింది.

అక్కడే ఉన్న గొలుసులు పోయినవాళ్లను ఏ వారం పోయిందో అడుగుతూ మనసులోనే లెక్క కట్టాను. అన్నీ మిల్లుల సెలవు రోజే! ఆ రోజు గిరాకీ ఉండదని బజారంతా చీకటి పడకముందే మూస్తారు. నేను ఎగిరి లేచాను.

"మూసిననాడే దొంగలొస్తున్నారు!"

"గట్లయితే సెలవునాడు గూడ తెరుద్దాం, తమ్మీ!" అంది అక్క.

"బజ్జీలు ఎవడు తింటడు?" అన్నాడు సేఠ్.

"నువ్వే తిను, జర బక్కగున్నవ్!"

పొట్ట తడుముకుంటూ సేఠ్ కూడా నవ్వేశాడు.

ఆ వారం మిల్లుల సెలవు సాయంత్రం దుకాణాలన్నీ వెలిగాయి. చీకటి పడ్డా జనం తగ్గలేదు, ఒక్క గొలుసూ పోలేదు. అక్క రెండోసారి పిండి కలిపింది.