మండవల్లిలో అందరూ ఐదే వేశారు

ఆ రోజు పొద్దున హఫీజ్ మాస్టారు గొడుగు తీసుకెళ్లడానికి ముందు డాబా ఎక్కారు. "ఇవాళ వానొస్తుంది, గొడుగు మర్చిపోకండి" అంది భార్య ఫాతిమా. "నీకెలా తెలుసు?" అన్నారాయన. పైకెళ్లి నాలుగు దిక్కులూ పరిశీలించి, దిగి వచ్చి, అప్పుడు గొడుగు అందుకున్నారు. మధ్యాహ్నం వాన పడింది. సాయంత్రం కుర్చీలో కునుకు తీసిన మనిషి మళ్లీ లేవలేదు.

"ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో నా మాట ఒక్కటి రుజువైందమ్మా. అది చూసుకునే వెళ్లారు" అని ఫాతిమా గారు చెబుతుంటే, ఏడుస్తున్న ఆయన శిష్యురాలు ప్రసన్నకుమారికి నవ్వొచ్చేసింది.

"మీకెలా తెలుసండీ?" అదీ మాస్టారి జబ్బు. ఏలూరులో ఆయన ఈ మాట అడగని మనిషి ఎవరైనా ఉంటే, ఆ మనిషి ఆయన ముందు నోరు విప్పలేదన్నమాట. చేపల బజారులో ఒకావిడ "ఇప్పుడే పట్టిన చేపండీ" అంటే ఆమెనీ అడిగారు. "నేనే పట్టానండీ బాబూ!" అని ఆమె కత్తి ఎత్తింది. "ఇదండీ సాక్ష్యమంటే!" అని మురిసిపోయి, బేరమైనా ఆడకుండా రెండు చేపలు కొనుక్కొచ్చారు.

కూతురు సనాకి ఒక సంబంధం వచ్చినప్పుడు పెళ్లికొడుకు తండ్రి, "మావాడు మహా బుద్ధిమంతుడండీ" అన్నాడు. మాస్టారు అలవాటుగా "మీకెలా తెలుసండీ?" అన్నారు. ఆ పెద్దమనిషి ముఖం పాలిపోయింది. "ఆ సంగతి మీదాకా వచ్చిందాండీ!" అని, ఎవరూ అడక్కుండానే కొడుకు భాగోతమంతా చెప్పేశాడు.

ఉద్యోగం కూడా జబ్బుకి తగ్గదే దొరికింది. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో, బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకి పాఠం చెప్పేవారు. మనుషుల గురించి తెలుసుకున్నామని మనం అనుకునేది నిజంగా తెలుసుకోవడమేనా అన్నదే ఆ పాఠం.

"ఈ కుర్చీ ఉందని మీకెలా తెలుసండీ?" అన్నారు మొదటి క్లాసులో.

"కూర్చున్నాను కదండీ" అన్నాడు బ్యాంకులో పనిచేసే సతీష్.

"మరి మీ బ్యాంకు మీద జనానికి నమ్మకముందని?"

"మా మేనేజరు గారు చెప్పారండీ."

"ఆయన దానిమీద కూర్చున్నారా?"

ప్రసన్నకుమారి ఆ క్లాసులో అందరికంటే గట్టిగా నవ్వింది. తన వంతు వస్తుందని అప్పుడు తెలియదు.

కొల్లేటి చెరువుల మీద బతికేవాళ్లకి చేపలు కొనే షావుకార్లంటే ఎంత నమ్మకమో కొలవడం ఆమె పరిశోధన. ప్రతి ప్రశ్నకీ ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. అస్సలు నమ్మకం లేకపోతే ఒకటి, పూర్తిగా ఉంటే ఐదు. పత్రం అచ్చుకి వెళ్లేముందు మాస్టారు మూడుసార్లు అడిగారు, "ఇది వాళ్లకి అర్థమవుతుందని మీకెలా తెలుసండీ?" అని. "తెలుగులోనే ఉంది కదండీ సార్!" అని ఆమె మూడుసార్లూ విసుక్కుంది. మండవల్లి చుట్టుపక్కల ఎండలో తిరిగి మూడువందల పన్నెండు మంది చేత నింపించింది. ఒక్కరు తప్ప అందరూ ఐదు. పేజీ పేజీకీ ఐదే.

"సార్, ఇంత నమ్మకం దేశంలో ఎక్కడా ఉండదండీ!"

మాస్టారు ఏమడిగారో చెప్పక్కర్లేదు. థీసిస్ ఇవ్వడానికి మిగిలింది రెండు నెలలు. గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఐదేళ్ల చదువు నీటిపాలు. అయినా మర్నాడే ఆమెను బస్సెక్కించి మండవల్లి తీసుకెళ్లారు.

చెరువు గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దింటమ్మ ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది.

"షావుకారంటే మీకంత నమ్మకమాండీ?" అన్నారు మాస్టారు.

"ఆడి మీదా! కాటా కింద ఏలెట్టి తూస్తాడండీ ఆడు!"

"మరి ఐదేశారేంటండీ?"

"అయ్యి ఆడికి కాదండీ, ఈ అమ్మాయికండీ! ఎండనపడి వచ్చి, పీహెచ్‌డీ పరీచ్చ అంది. తక్కువేస్తే తప్పిపోదాండీ? ఊరంతా అనుకునే ఏశాం."

ప్రసన్నకుమారి నీళ్ల గ్లాసు గట్టు మీద పెట్టేసింది. "మరి ఒక కాయితంలో మూడుందేంటి పిన్నీ?"

"మా నరసింహరాజు బావండీ. ఆళ్లింట్లో మజ్జిగిత్తే తాగలేదంటగా నువ్వు. అలిగాడు."

మాస్టారు గట్టు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. "మీ అంకెలు అబద్ధం కాదండీ ప్రసన్నగారూ! నమ్మకాన్ని కొలిచాయి. కాకపోతే మీమీద."

అంకెలు పక్కనపెట్టి, మనుషులతో కూర్చుని మాట్లాడి, పరిశోధన మొదటి నుంచి చెయ్యాలి. రెండు నెలలు ఏ మూలకి? ఆ రాత్రి ఆమె గడువు పొడిగించమంటూ యూనివర్సిటీకి నాలుగు పేజీల దరఖాస్తు రాసింది. రాళ్లు కరిగేలా రాసింది. మూడువారాల్లో ఏడాది గడువిస్తూ ఉత్తర్వు వచ్చింది.

"నా దరఖాస్తు చూసి కరిగిపోయారు సార్!"

"మీకెలా తెలుసండీ?"

ఆమెకి ఒళ్లు మండింది. రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ రెండ్రోజులూ వింతగా హుషారుగా ఉన్నారు.

పట్టా వచ్చింది, లెక్చరర్ ఉద్యోగమొచ్చింది. మాస్టారు పోయిన నాలుగు నెలలకి తన విద్యార్థి పని మీద యూనివర్సిటీ ఆఫీసుకెళ్తే, రికార్డులు చూసే బాలస్వామి గారు ఆమె పాత ఫైలు కూడా తీశారు. పైనే మాస్టారి చేతిరాతలో అర పేజీ ఉత్తరం. తేదీ, మండవల్లి వెళ్లొచ్చిన మర్నాడు.

"ఆలస్యానికి విద్యార్థిని కారణం కాదు. ప్రశ్నపత్రం ఆ ఊరివాళ్లకి అర్థమవుతుందో లేదో నేను ఆమెను అడగవలసింది. అడగలేదు. తప్పు నాది. ఏడాది గడువు ఇప్పించగలరు."

"ఆయన అడక్కపోవడమేంటండీ!" అన్నారు బాలస్వామి గారు. "ఉత్తరం అందిందని రసీదు రాసిస్తే, సంతకం మీదేనని మీకెలా తెలుసండీ అని నన్నే అడిగాడు మహానుభావుడు!"

ప్రసన్నకుమారి పకపకా నవ్వింది. పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూశారు. నవ్వుతూనే, ఉత్తరం కింద ఉన్న తన నాలుగు పేజీల దరఖాస్తు కోసం చూసింది. ఉంది, కవరులో భద్రంగా. ఆ కవరు ఎవరూ చింపలేదు.